చిన్నాన్న షాపుకి అకౌంటెంట్ కావాలా?

సిద్ధగోరాలో మా చిన్నాన్నకి వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, గ్రిల్స్ చేస్తాడు, ఆదిత్యపూర్ యూనిట్ల నుంచి జాబ్ వర్కు తెచ్చుకుంటాడు. పనివాళ్లు ఇద్దరు. తాత శ్రీకాకుళం నుంచి ఉక్కు పని వెతుక్కుంటూ జంషెడ్‌పూర్ వచ్చాడు. మా మాల కుటుంబంలో జీతం మీద కాకుండా సొంత బిల్లు పుస్తకం మీద బతుకుతున్న మొదటి మనిషి చిన్నాన్నే. ఈసారి సెలవులకి వెళ్తే ఇంట్లో ఒకటే చర్చ: డబ్బులిచ్చి అకౌంటెంట్‌ని పెట్టుకోవాలా, బీకాం రెండో ఏడాది చదువుతున్న చెల్లి చేత లెక్కలు రాయించాలా?

చర్చకి కారణం ఒక దెబ్బ. సేవలకి 20 లక్షల టర్నోవర్ దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చిన్నాన్న అంత చేయకపోయినా, పని ఇచ్చేవాళ్లు జీఎస్టీ బిల్లు అడుగుతారని తీసుకున్నాడు. రిటర్నులు వేసే బాధ్యత ఒకాయనకి అప్పగించాడు. ఆయన నాలుగు నెలలు వేయలేదు. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఫోన్ నంబరూ ఆయనదే కాబట్టి హెచ్చరికలన్నీ ఆయనకే వెళ్లాయి. ఆలస్య రుసుము రోజుకి 50 రూపాయలు. కోటిన్నర లోపు టర్నోవర్ ఉన్నవాళ్లకి ఒక్కో రిటర్నుకి 2,000 దాటదు. కట్టని పన్ను మీద 18 శాతం వడ్డీ. ఇదంతా ఎలాగో భరించవచ్చు. కానీ మా బిల్లులు కొనుగోలుదారుల జీఎస్టీ ఖాతాలో కనబడక వాళ్లకి క్రెడిట్ రాలేదు. బకాయిలు ఆపేశారు. ఒకరైతే వేరే షాపుకి వెళ్లిపోయారు.

"ఇక బయటోణ్ణి నమ్మను. చదువుకున్న పిల్ల ఇంట్లోనే ఉంది కదా" అన్నాడు చిన్నాన్న. పిన్ని తలూపింది. చెల్లిని మాత్రం ఎవరూ అడగలేదు.

నేను ఒప్పుకోలేదు. మన శ్రమకి విలువ కట్టలేదని సమాజాన్ని నిలదీసే మనం, ఇంట్లో ఆడపిల్ల శ్రమని ఉచితంగా వాడుకోవచ్చా? పరీక్షల ముందు రాత్రులు ఆమె బిల్లులు ఎక్కిస్తూ కూర్చుంటే, మిగిలిన జీతం ఆమె డిగ్రీలోంచి కోసుకున్నదే.

వ్యాపార కులాల ఇళ్లలో ఈ ప్రశ్న ఇంత బరువుగా ఉండదు. బాబాయో బావో ఆడిటర్ అయి ఉంటాడు. పిల్లలు చిన్నప్పటి నుంచే కొట్లో ఖాతా మాటలు వింటూ పెరుగుతారు. మనకి ఆ చుట్టరికం లేదు, ఆ నైపుణ్యాన్ని డబ్బులిచ్చి తెచ్చుకోవాల్సిందే. బాబాసాహెబ్ అమెరికా, ఇంగ్లండు చదువుల నుంచి తిరిగొచ్చిన కొత్తలో షేర్ల వ్యాపారులకి సలహాలిచ్చే సంస్థ పెట్టారు. ఆయన కులం తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. అదే మనిషి 1925 నుంచి కొన్నేళ్లు బొంబాయిలో బాట్లీబాయ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వాణిజ్య చట్టం బోధించారు. ఆయన్ని రాజ్యాంగంతో తలుచుకునే మనం ఈ పాఠాలనీ గుర్తుపెట్టుకోవాలి.

పూర్తి జీతం అకౌంటెంట్ అవసరం లేదని కూడా చెప్పాను. నెలకి ముప్పై నలభై బిల్లులకి, నెలలో రెండు రోజులు వచ్చే మనిషి చాలు. అయితే మూడు షరతులు. ఫోన్ నంబరూ పాస్‌వర్డూ చిన్నాన్నవే ఉండాలి. రోజూ షాపు మూసేముందు అమ్మకం, కొనుగోలు, బాకీ చిన్నాన్నే స్వయంగా నోటుబుక్కులో రాయాలి. నెలనెలా 11కి అమ్మకాల రిటర్ను, 20కి పన్ను రిటర్ను వేసిన రసీదులు చేతికి రావాలి, లేదంటే ఫీజు లేదు. చెల్లి సాయం చేస్తే దానికీ కూలి కట్టాలి.

ఇది ఒక్క షాపు గొడవ కాదు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ చిన్న పరిశ్రమల నుంచి చేయాలని 2012 నుంచి విధానం ఉంది. టెండరుకైనా, బ్యాంకు అప్పుకైనా ముందు అడిగేది రిటర్నులూ లెక్కలే. అవి సరిగ్గా లేకపోతే కాగితం మీది హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

చిన్నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు రిజిస్ట్రేషన్‌లో ఫోన్ నంబరు మార్పించాడు. నెలకి 2,500కి ఒకాయన్ని కుదుర్చుకున్నాడు. చెల్లి తన పుస్తకాల ముందు కూర్చుంది.

క్యాంపస్‌లో కామర్స్, ఎకనామిక్స్ చదువుతున్న మిత్రులకి ఒక మనవి. ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు మీ బస్తీలో ఒక షాపుకి వెళ్లి, రిజిస్ట్రేషన్‌లో ఎవరి ఫోన్ నంబరు ఉందో అడగండి. జై భీమ్.