వీథి యెవరిది?

2025వ సంవత్సరము మే నెల 18వ తేదీ ఆదివారము ఉదయమున, హైదరాబాదు పాతనగరములో గుల్జార్ హౌజు చెంత నొక యింట నిప్పు పుట్టి 17 మందిని బలిగొన్నది. వారిలో 8 మంది పసివారు. క్రింద దుకాణము, పైన కాపురము. వెలికి వచ్చుటకు ఇరుకైన దారి. ఆ మరణములకు వీథిలో నిలిపిన బండ్లు కారణమని మేము చెప్పుట లేదు. కాని ఆ ప్రమాదము జరిగినది బజారు తెరువని వేళ, పెద్దవీథి ప్రక్కన. అట్టి నిప్పే శాలిబండలోనో, హుసేనీ ఆలములోనో ఒక గల్లీలో, బండ్లన్నియు ఇండ్లు చేరిన నడురేయి పుట్టెనేని గతి యేమి?

లెక్క సులభము. 20 అడుగుల వీథిలో ఇరువైపుల కార్లు నిలిపినచో ఒక్కొక్కటి దాదాపు 6 అడుగులు ఆక్రమించును. నడుమ మిగులునది 8 అడుగులు. పెద్ద అగ్నిమాపక శకటము వెడల్పును సుమారంతియే. అది దూరుటయే దుర్లభము. దూరినను గొట్టములు దింపుటకు చోటుండదు. ఒక్క వైపున మాత్రమే నిలిపినచో 14 అడుగులు మిగులును, శకటము సాగిపోవును. ఇక 12 అడుగుల గల్లీలో ఒక్క కారు నిలిచినను దారి మూసినట్లే. నిప్పు మాట యటుండనిండు. గుండెనొప్పి వచ్చిన వృద్ధునికై వచ్చిన బండి గల్లీ మొదటనే ఆగిపోవుచున్నది. నిలిపిన కార్ల సందునుండి పరుగెత్తివచ్చు బిడ్డ, బండి నడపువానికి కడపటి క్షణము వరకు కనబడదు.

1591లో వెలసిన యీ నగరపు గల్లీలు పాదచారులకును, పల్లకీలకును, గుఱ్ఱములకును ఏర్పడినవి. 1908లో మూసీ వరద వచ్చిన తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ వీథులను వెడల్పు చేసి పత్తర్‌గట్టి రాతికట్టడముల వరుసను నిర్మించినది. నాడు దారికొఱకు ఇండ్లు పడగొట్టవలసి వచ్చెను. నేడు బండి తీసిన చాలును. ఒక్క యిటుకయైనను కదలింప నక్కరలేదు.

చట్టము లేదనుటకు వీలు లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 117వ సెక్షను బండ్లు నిలుపు స్థలములను నిర్ణయించు అధికారము నిచ్చుచున్నది. 122వ సెక్షను ఇతరులకు అపాయకరముగ బండి నిలుపుటను నిషేధించుచున్నది. కొఱవడినది చట్టము కాదు. దానిని గల్లీలోనికి తెచ్చు సంకల్పము.

“మా యింటి ముంగిట మా బండి నిలుపుకొనగూడదా? వేరెచ్చట నిలుపుదుము?” అని కొంద రడుగుదురు. ఈ ప్రశ్నలోని కష్టమును మే మెఱుగుదుము. పాత యిండ్లకు బండి నిలుపు చోటు లేదు. కావున ఆజ్ఞకు ముందు ఏర్పాటు ఉండవలెను. పాఠశాలల యొక్కయు, ప్రభుత్వ కార్యాలయముల యొక్కయు ఆవరణలు రాత్రివేళ ఖాళీగ నుండును. స్వల్ప రుసుముతో వానిని మొహల్లావాసులకు తెరువవలెను. కూటికై ఆటో నడపువానిపై మొదట జుల్మానా వేసి, మూడు కార్లు గల శ్రీమంతుని చూచి చూడనట్లు పోవు అమలు న్యాయము కాదు. ఒక యింటికి రెండవ కారు, మూడవ కారు ఉన్నచో ముందు అవియే వీథిని విడువవలెను. జపాను దేశము 1962లోనే, కారు గలవాడు దానిని నిలుపుటకు వీథి కాక వేరు చోటు సంపాదించుకొనవలెనని శాసనము చేసినది. కారు కొను శక్తి గలవానికి ఆ బాధ్యతయు నుండవలె ననుటలో అన్యాయ మేమున్నది?

నగరపాలక సంస్థయు, పోలీసువారును, అగ్నిమాపక శాఖవారును కలిసి పాతనగరపు గల్లీలను కొలువవలెను. శకటము పోజాలని చోట నిలుపుట నిషేధించి, పోజాలిన చోట ఒక్క వైపున మాత్రమే అనుమతింపవలెను. గీతలు గీయకముందు మొహల్లా పెద్దలను పిలిచి వారి మాట వినవలెను. వినిన పిమ్మట గీచిన గీత అందఱికిని ఒక్కటిగనే యుండవలెను.

వాకిలి వరకే యిల్లు మనది. వాకిలి దాటిన వీథి అందఱిది. పరప్రభుత్వముపై పోరి స్వరాజ్యము సంపాదించిన ప్రజలకు, పొరుగువాని ప్రాణముకొఱకు ఆరడుగుల నేల విడుచుట భారము కానేరదు. నేడు మనము మూసిన దారి, రేపు మన యింటికి రావలసిన సహాయమునకే అడ్డు కావచ్చును.