వెర్మూత్... మాచిపత్రికి చుట్టమే!

విదేశీ వంటల పుస్తకాలు తిరగేస్తుంటే, చికెన్ సాస్‌లోనో చేపల వంటకంలోనో "వెర్మూత్ పావు కప్పు" అని కనబడుతుంది. మా పక్కింటావిడ అది చదివి, "వెర్మిసెల్లీ లాంటిదాండీ?" అని అడిగింది. చెవికి దగ్గరగానే ఉన్నాయి మరి! కానీ ఇది సేమ్యా కాదు, సిరప్పూ కాదమ్మా. అచ్చంగా ద్రాక్షసారాయే. వైన్‌లో ఇంకాస్త ఘాటైన సారా కలిపి, రకరకాల ఆకులు, వేర్లు, బెరళ్ళు నానవేసి చేస్తారు.

ఆ పేరు ఎక్కడిదంటే, జర్మన్ భాషలో 'వెర్ముట్' అనే చేదు మొక్క ఉంది. ఆ ఆకు వేసిన వైన్ గనుక ఆకు పేరే దానికీ వచ్చింది. ఫ్రెంచివాళ్ళ నోట పడి వెర్మూత్ అయింది. ఇటలీలోని ట్యూరిన్‌లో 1786లో కార్పానో అనే ఆయన అమ్మడం మొదలుపెట్టాక దానికి పేరొచ్చింది.

ఇంగ్లీషువాళ్ళ సంగతి ఇంకా తమాషా. వాళ్ళ పాత మాట 'వెర్మోడ్'. ఆ ఆకును కడుపులో నులిపురుగులకు వాడేవారు కదా, పోనుపోను ఆ మాట 'వర్మ్‌వుడ్' అయిపోయింది. వర్మ్ అంటే పురుగు, వుడ్ అంటే కర్ర! హాస్పిటల్ మన నోట్లో ఆసుపత్రి అయి, చివర 'పత్రి' చేరినట్టే. నిజంగా పురుగు ఉన్నది వెర్మిసెల్లీలోనే. ఇటాలియన్‌లో దానికి 'చిన్న పురుగులు' అని అర్థం. పాయసం వడ్డించేటప్పుడు మాత్రం ఈ మాట ఎత్తకండి!

మనకు తెలియని మొక్కేం కాదిది. వినాయక చవితి పత్రిలో మొదట వేసే మాచిపత్రి, కనకాంబరాల మధ్య గుచ్చుకునే దవనం - ఇవన్నీ ఒకే కుటుంబం. ఆకు నలిపితే వచ్చే ఆ ఘాటు వాసనే చుట్టరికం చెబుతుంది.

ఆకు ఉంది కదా అని దీన్ని టానిక్కులా చూస్తేనే ప్రమాదం. ఇందులో ఆల్కహాలు నూటికి 15 నుంచి 22 పాళ్ళ దాకా ఉంటుంది, మామూలు బీరుకు మూడింతలకు తక్కువ కాదు. పొయ్యి మీద పెడితే అంతా ఎగిరిపోతుందంటారు గానీ, పూర్తిగా పోదు. కడుపుతో ఉన్నవాళ్ళకు, పిల్లలకు పెట్టే వంటలో వద్దేవద్దు. షెర్రీ, పోర్ట్, మార్సాలా అని కనబడినా అవీ ఇదే కోవలోవని గుర్తుంచుకోండి. దాని బదులు కూరగాయలు ఉడికించిన నీళ్ళలో కాస్త నిమ్మరసం పిండి పోయండి, సాస్‌కు ఆ పులుపు చాలు.