పళ్ళు ఊడుట వార్ధక్య లక్షణమా?

కలమల్ల పేరు వినగానే తెలుగు చదువుకొన్నవారికి శాసనం జ్ఞప్తికి వస్తుంది. రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలంలో, క్రీ.శ. 575 ప్రాంతంలో, రాతిస్తంభంపై చెక్కిన ఆ అక్షరాలు మన భాషకు తొలి శాసనంగా ప్రసిద్ధికెక్కినవి. కలమల్లలోనే కాదు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ఏ ఊరి రచ్చబండ వద్దనైనా పెద్దలతో కాసేపు కూర్చుంటే, ఏబది యేండ్లు నిండకముందే పళ్ళు పోగొట్టుకొన్నవారు ఒకరిద్దరైనా కనబడుతారు. “వయసైపోలేదా, పళ్ళు ఊడక ఏమైతాయి సార్?” అని వారే నవ్వుతారు. ఆ మాటను నేను అంగీకరింపలేను. త్రవ్వకాలలో వేల యేండ్లనాటి అస్థిపంజరాలు బయల్పడినప్పుడు ఎముకలకంటె చెక్కుచెదరక మిగిలేవి పళ్ళే. పంటిపైనున్న పింగాణీ శరీరంలోకెల్ల కఠినమైన పదార్థం. అట్టి పన్ను బ్రతికియున్న మనిషి నోట నిలువలేకపోతున్నదంటే, లోపం స్తంభంలో కాదు, దానిని పట్టియున్న నేలలో వెదకాలి. చిగురు, దాని క్రింది ఎముక, ఇవే ఆ నేల.

పంటికీ చిగురుకూ నడుమ మెత్తని పాచి చేరుతుంది. అందులో ఉండేవి లెక్కకు మిక్కిలి సూక్ష్మజీవులు. నిత్యం తీయకపోతే లాలాజలంలోని సున్నపు లవణాలతో కలిసి కొద్ది దినాలలోనే అది గట్టిపడి గారగా మారుతుంది. వేపపుల్లకుగాని బ్రష్షుకుగాని గార లొంగదు. చిగురు ఎర్రబారి ఉబ్బుతుంది, తోముకొన్నప్పుడు నెత్తురు వస్తుంది. నొప్పి మాత్రం ఉండదు, అదే అసలు ప్రమాదం. మనవారు “వేడి చేసింది” అని మజ్జిగ త్రాగి ఊరకుంటారు. కొందరు నెత్తురుకు భయపడి తోముకొనుటే మానుకొంటారు. దానితో పాచి మరింత పెరుగుతుంది.

ఈ దశలో శుభ్రం చేయిస్తే చిగురు పూర్వస్థితికి వస్తుంది. దాటిపోతే పంటికీ చిగురుకూ నడుమనున్న సందు మూడు మిల్లీమీటర్లను మించి సంచివలె లోతవుతుంది. అందులో చీము చేరుతుంది, నోరు దుర్వాసన కొడుతుంది, ఎముక కరుగుతుంది, చివరకు పన్ను కదులుతుంది. కరిగిన ఎముక చాలవరకు తిరిగి రాదు.

బీడీ, గుట్కా, ఖైనీలు ఈ నాశనాన్ని తొందరపెడతాయి. 2013లో గుట్కాపై నిషేధం వచ్చినను అలవాటు పోలేదు. ఇందులో ఒక మోసమున్నది. పొగత్రాగేవారి చిగుళ్ళనుండి నెత్తురు తక్కువగా వస్తుంది. తమ చిగుళ్ళు గట్టివని వారు భ్రమపడుతారు, లోపల ఎముక మాత్రం పోతూనే ఉంటుంది. ఇక మధుమేహం చిగుళ్ళ వ్యాధిని పెంచుతుంది, చిగుళ్ళ వ్యాధి రక్తంలోని చక్కెరను అదుపు తప్పిస్తుంది. చక్కెర పరీక్షకు ఆరు నెలలకొకసారి పోయేవారు నోరు చూపించుకొనరెందుకో!

మెల్లగా సాగే వ్యాధి ఇది. ఉన్నట్టుండి విరుచుకుపడే రకం వేరొకటి ఉన్నది. పంటి సందులలోని చిగురు కొరికివేసినట్లు పుండై, తీవ్రమైన నొప్పి, భరింపరాని వాసన, జ్వరం కలుగుతాయి. 1914-18 మహాయుద్ధంలో కందకాలలోని సైనికులను ఇది పీడించింది. నిద్రలేమి, పోషణలేమి, ఆందోళన, పొగ దీనికి దారితీస్తాయి. పరీక్షల రాత్రులలో టీతోనూ సిగరెట్టుతోనూ కాలం గడిపే విద్యార్థులలో కూడా ఇది కనబడుతుందని మన హాస్టలు మిత్రులు గమనింతురు గాక.

చికిత్స విషయంలోనే నాకు అసలు ఫిర్యాదు ఉన్నది. వాపు రాగానే మందుల అంగడిలో నాలుగు మాత్రలు కొనుక్కొని మింగుట మనకు వైద్యమైపోయింది. దినకూలి పోగొట్టుకొని బస్సెక్కి ప్రొద్దుటూరు పోలేని మనిషిని నేను నిందింపను. చదువుకొన్నవారూ అదే చేస్తున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనాధిపతిగా ఉండగా వెలువడిన ఆరియోమైసిన్‌తో టెట్రాసైక్లిన్ జాతి మందులు లోకానికి లభించినవి. చిగుళ్ళ చికిత్సలోనూ వాటిని కొన్ని సందర్భాలలో వాడుతారు. మన తెలుగువాని కృషికి గర్వింపవలసినదే, కాని ఏ మాత్రయైనా గారను గీకి తీయదు. వాపు తగ్గుతుంది, కారణం అక్కడే ఉంటుంది. గారను తీయించుట, లోతైన సంచులుంటే పంటివేరును శుభ్రపరచుట, అవసరమైతే చిగురు తెరిచి శస్త్రచికిత్స చేయుట, ఇదే చికిత్స. “గార తీయిస్తే పళ్ళు కదులుతాయి” అనేది అపోహ. ముందే కదలిన పంటిని అంతవరకు గార పట్టియుంచింది గనుక అట్లు తోచుతుంది. పైపన్ను పీకిస్తే కన్ను పోతుందనుట మరొక కట్టుకథ.

దవడ క్రింద వాపు దిగి, నాలుక పైకి లేచి, మ్రింగుటకూ ఊపిరికీ కష్టమైతే తెల్లవారేదాకా ఆగరాదు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి చేర్చాలి. ఆలస్యమైతే ప్రాణమే పోవచ్చు.

ఇంటిలో చేయదగినది స్వల్పం. మిస్వాకైనా, వేపపుల్లయైనా, బ్రష్షైనా, చిగురు అంచువరకు మెల్లగా, దినమునకు రెండుసార్లు తోముకొంటే చాలు. ఇటుకపొడి, బొగ్గు, నస్యం మాత్రం పనికిరావు.

మన కళాశాలలు కంటి శిబిరాలను, రక్తదాన శిబిరాలను ఉత్సాహంగా జరుపుచున్నవి. కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నది. అక్కడి వైద్యులను ఏటా ఒక దినం మన ఆవరణకు ఆహ్వానించి, విద్యార్థులతోపాటు వారి తల్లిదండ్రులనుకూడ పిలిపించుట అసాధ్యమేమీ కాదు. ఆ దినం నా తెలుగు పాఠం పోయినను నాకు అభ్యంతరం లేదు.