అన్నిటికీ శానా అంటే ఎట్లా?



పొద్దున లేచినప్పటి నుండి మనం శానా అనే మాట ఎన్నిసార్లు అంటామో లెక్కపెట్టండి. ఉప్మా శానా బాగుంది, లెక్కలు శానా కష్టం, చలి శానా ఉంది. ఒక రాత్రి మా గదిలో ఒక పాప "కడుపు శానా నొప్పి" అన్నది. రోజూ వినే మాటే కదా అని ఎవ్వరమూ పట్టించుకోలేదు. నేను కూడా దుప్పటి కప్పుకొని పడుకున్నాను. తెల్లారేసరికి ఆ పాప లేవలేకపోయింది. ఆసుపత్రికి తీసుకుపోయినారు. ఇప్పుడు బాగుంది. ఆ పాప అబద్ధం చెప్పలేదు. మనమే ఆ మాటను అరగదీసినాము.

నా అభిప్రాయం ఏమంటే, ఎంత ఉందో అంతకు తగిన మాట వాడాలి. "నిలబడలేనంత నొప్పి" అంటే ఎవరైనా లేచి వస్తారు. ఇంగ్లీషులో కూడా ఈ తేడా ఉంది. పాలు "వెరీ హాట్" అంటే బాగా వేడి, ఊదుకొని తాగవచ్చు. "టూ హాట్" అంటే తాగలేనంత వేడి. మనం రెండింటికీ శానా అనే అర్థం రాస్తాము.

తెలుగులో మాటలకు కొదవ లేదు. ద్విరుక్తటకార సంధి చదివినాము కదా. పగలు పగలు కలిస్తే పట్టపగలు, నడుమ నడుమ కలిస్తే నట్టనడుమ, చివర చివర కలిస్తే చిట్టచివర. ఒకే మాట రెండుసార్లు వచ్చి బలం తెచ్చింది. మన పెనుకొండ పేరులోనే పెను ఉంది. పెను అంటే మిక్కిలి పెద్ద. దానికే సంస్కృతంలో ఘనగిరి అని పేరు. మా తండాలో శానాను ఘణో అంటాము. ఆ ఘన, మా ఘణో ఒక్క వేరు నుండి వచ్చినవే.

కొన్నిచోట్ల అంకె చెబితే చాలు. హిందూపురం దగ్గరి లేపాక్షి బసవన్న శానా పెద్దది అంటే చూడనివారికి ఏమి తెలుస్తుంది? ఒకే రాయిలో చెక్కినది, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు అంటే కళ్ళముందు నిలబడుతుంది.

చివరగా ఒక మనవి. తండా నుండి కొత్తగా వచ్చిన చిన్నపిల్లలకు తెలుగులో శానా ఒక్కటే తెలుసు. నాకూ అంతే ఉండేది. వాళ్ళు శానా నొప్పి అంటే నవ్వవద్దు, ఊరుకోవద్దు. "ఎంత? నడవగలవా? అన్నం తిన్నావా?" అని అడగండి. మాట నేర్చుకునేది వాళ్ళ పని, అడిగేది పెద్దవాళ్ళ పని.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని