సైరన్ మోగింది సరే.. బస్టాప్‌లో అనుమానాస్పద బ్యాగ్ కనిపిస్తే ఏం చేస్తారు?

2025 మే 7, సాయంత్రం 4 గంటలు. హైదరాబాద్‌లో సైరన్లు మోగాయి. పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపిన రెండు వారాలకు జరిగిన మాక్ డ్రిల్ అది. చాలామంది ఫోన్లు తీసి వీడియోలు తీసుకున్నారు. డ్రిల్ అవసరమే, కాదనలేం. కానీ అది యుద్ధం వస్తే ఏం చేయాలన్నదాని కోసం. ఉగ్రవాదులు ఈ సిటీకి ఎప్పుడూ సైరన్ మోగించి రాలేదు.

2013 ఫిబ్రవరి 21 గుర్తుందా? దిల్‌సుఖ్‌నగర్. రాత్రి 7 గంటలు, రోడ్డంతా జనం. 107 బస్టాప్ దగ్గర ఒకటి, కాసేపటికే ఏ1 మిర్చి సెంటర్ దగ్గర ఇంకొకటి. రెండూ సైకిళ్లకు పెట్టిన బాంబులే. 18 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. దాడులు జరగొచ్చని రాష్ట్రాలకు ముందే చెప్పామని అప్పటి కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే అన్నారు. అలర్ట్ వచ్చింది సరే, ఎవరికి? బస్సు కోసం నిలబడ్డవాళ్లకు, బండి మీద పండ్లు అమ్ముకునేవాళ్లకు అది చేరే దారే లేదు.

ఆ తర్వాత జనం ఎక్కువగా వచ్చే చోట్ల సీసీ కెమెరాలు తప్పనిసరి చేస్తూ 2013లోనే చట్టం తెచ్చారు. మంచిదే. దర్యాప్తుకు కెమెరా కావాలి. కానీ పేలకముందు గమనించాల్సింది అక్కడున్న మనిషే కదా?

న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 2010 మే 1న అదే జరిగింది. ఆగి ఉన్న కారులోంచి పొగ రావడం రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్లు చూసి పోలీసుకు చెప్పారు. వెంటనే జనాన్ని ఖాళీ చేయించారు. బాంబు పేలలేదు (దాని తయారీలోనూ లోపం ఉందనుకోండి). మన దగ్గరైతే 'ఎందుకొచ్చిన గొడవ, స్టేషన్ చుట్టూ తిప్పుతారు' అని ఊరుకునేవాళ్లే ఎక్కువ. ఆ భయం పోగొట్టాల్సింది పోలీసులే.

మరి మనమేం చేయాలి? ఎవరిదో తెలియని బ్యాగ్, సైకిల్ కనిపిస్తే ముట్టుకోవద్దు, కదపొద్దు. దూరంగా జరిగి, పక్కవాళ్లనీ జరపండి. 112కి ఫోన్ చేయండి. ఒకటి పేలితే చూడ్డానికి అటు పరిగెత్తొద్దు. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండోది ఎంత దగ్గర్లో, ఎంత త్వరగా పేలిందో చూశాంగా!

ఇక వీడియోల సంగతి. ఇక్కడ తప్పు మా టీవీవాళ్లదీ ఉంది. 26/11 ముంబై దాడుల్లో ఆపరేషన్‌ను లైవ్‌లో చూపించడం పాకిస్థాన్‌లో కూర్చున్న సూత్రధారులకు ఉపయోగపడిందని, కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఛానళ్లను గట్టిగా తప్పుబట్టింది. 2015లో రూల్ మార్చారు, ఇప్పుడు ఛానళ్లు అలాంటి ఆపరేషన్లు లైవ్ ఇవ్వకూడదు. మీ ఫోన్‌లో లైవ్ బటన్ నొక్కేముందు ఆపే ఎడిటర్ మాత్రం ఎవరూ ఉండరు.

వచ్చేసారి మాక్ డ్రిల్ సైరన్ లేకుండా పెట్టి చూడాలి. సాయంత్రం రద్దీలో, ఏదో ఒక బస్టాప్‌లో ఓ ఖాళీ బ్యాగ్ వదిలేసి.. 112కి మొదటి కాల్ ఎన్ని నిమిషాలకు వస్తుందో లెక్కపెట్టాలి.