వైద్య బీమా: లెక్క చూచువారెవరు?

నేతగాడు మంచము పట్టిననాడు మగ్గము ఆగును, కూలి ఆగును. ఆసుపత్రి ఖర్చు మాత్రము ఆగదు. అందుచేత వైద్య బీమాకు ప్రభుత్వము పూనుకొనుట న్యాయమే. 2005–06లో చేనేతవారికి ప్రత్యేకముగా పెట్టిన బీమాలో కుటుంబమునకు ఏటి హద్దు 15,000 రూపాయలు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో అర్హత గల కుటుంబమునకు అది 5 లక్షలు. సంతోషమే.

సొమ్ము పెరిగిన కొలది కాపలాయు పెరుగవలెను గదా! 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుంచిన కాగ్ నివేదిక చూడుడు. ఒకే ఫోను నంబరుపై సుమారు 7.5 లక్షల మంది నమోదైరి. మరణించినట్లు అంతకుముందే లెక్కలకెక్కిన 3,446 మంది చికిత్సకని 6.97 కోట్ల రూపాయలు చెల్లించిరి. ప్రభుత్వము తన సమాధానము చెప్పుకొన్నది, మాకది చాలలేదు.

మన సంఘములలో నూలు తూచి ఇత్తురు, బట్ట కొలిచి పుచ్చుకొందురు. తూకము తగ్గినచో కూలిలో కోత. ఈ కట్టుదిట్టము మనకేనా? ఆసుపత్రి బిల్లుకు వలదా?

దొంగలున్నారని పథకమునే కుదింపరాదు. ఎలుకపై కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొందుమా? కార్డుపై ఎంత వ్రాసిరో రోగికి ఇంటికి పోవునాడే చీటీ ఇయ్యవలెను. మోసము రుజువైన ఆసుపత్రి పేరు ప్రకటింపవలెను.

మనవారికిని ఒక మాట. షోలాపురమైనను, సేలమైనను, యానామైనను, ఖాళీ కాగితముపై వ్రేలిముద్ర వేయకుడు. కొద్ది డబ్బుకు ఆశపడి కార్డు పరులకు ఇయ్యకుడు. అనుమానమున్న 14555కు ఫోను చేయుడు. దొంగబిల్లు పడిన, ఆ 5 లక్షలలో తరుగు మన ఇంటిదే.