నోటీసు ఇచ్చారు, మాట చెప్పలేదు

మన కృష్ణా తీరంలో 'ఐ.పి.' అన్న మాట తెలియని వీధి లేదు. "ఫలానా షాపతను ఐ.పి. పెట్టేశాడట" అని తెల్లారేసరికి కబురు పాకుతుంది. చీటీలు కట్టినవాళ్లు, నోటు రాయించుకుని డబ్బిచ్చినవాళ్లు అతని ఇంటిముందు చేరతారు. తాళం చూసి, శాపనార్థాలు పెట్టి, ఎవరి దారిన వాళ్లు పోతారు. ఐ.పి. అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అని, దివాలా కోసం కోర్టులో వేసే దరఖాస్తు అని, దాంతో కథ ముగిసిపోదని చెప్పేవాళ్లు ఆ గుంపులో ఒక్కరూ ఉండరు. ఈ సంచికలో ఆ విషయం మాట్లాడదామనుకుంటున్నాను. 'ఇది స్త్రీల సమస్యేనా?' అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. అలా అనిపించడం వల్ల ఒకామె నష్టపోయింది కూడా.

భవానీపురంలో మేముండే వీధికి కాస్త అవతల ఒకామె పొద్దున్నే ఇడ్లీ, పునుగులు వేసి అమ్ముతుంది. భర్త లేడు. కూతురి పెళ్లికని కూడబెట్టిన ఎనభై వేలు, రెండు రూపాయల వడ్డీ వస్తుంది కదా అని ఒక వ్యాపారికి ప్రామిసరీ నోటు మీద ఇచ్చింది. కొన్నాళ్లు వడ్డీ సక్రమంగానే వచ్చింది. తర్వాత అతను తన సొంత ఊరున్న జిల్లాలో ఐ.పి. వేశాడు. ఈమెకు కోర్టు నుంచి ఇంగ్లీషులో నోటీసు వచ్చింది. అందులో ఈమె నలభై ఏడో ప్రతివాది. ఎవరో ఆ మాట చదివి చెప్పగానే తనమీదే కేసు పెట్టారనుకుంది. డబ్బిచ్చి మోసపోయిన మనిషి ముద్దాయిలా వణికిపోయింది.

అయినా ధైర్యం చేసి, ఒకరోజు బండి మానుకుని, బస్సెక్కి అక్కడి రిసీవరు ఆఫీసుకు వెళ్లింది. గుమాస్తా కాగితం చూసి, "ప్రూఫ్ ఫైల్ చెయ్యి. ప్లీడర్ని పెట్టుకో. ఇంట్లో మగవాళ్లెవరూ లేరా?" అన్నాడు. మొదటి మాట ఆమెకు అర్థం కాలేదు. రెండోదానికి డబ్బు లేదు. మూడోదానికి జవాబు లేదు. తిరిగొచ్చి మా సంఘానికి ఫోను చేసింది. ఎత్తింది నేనే. "అది డబ్బు వ్యవహారం కదమ్మా, సివిల్ కేసు. మేం ఇంట్లో కొట్టే తిట్టే కేసులు చూస్తాం" అన్నాను. ఆ గుమాస్తా ఆమెను ఎలా వెనక్కి పంపాడో నేనూ అలాగే పంపాను. కాకపోతే కొంచెం మర్యాదగా.

ఏడాది తర్వాత ఆ వ్యాపారి స్థలం అమ్మి, వచ్చిన సొమ్ము అప్పులవాళ్లకు పంచారు. నోటు ఈమె దగ్గర భద్రంగానే ఉంది. పంపకాల జాబితాలో మాత్రం పేరు లేదు.

అప్పుడు కూర్చుని చట్టం చదివాను. వ్యక్తులు పెట్టే ఐ.పి.లకు మన ఊళ్లలో ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. ఒక మనిషి దివాలా తీశాడని కోర్టు ప్రకటించగానే అతని ఆస్తి కోర్టు చేతికో రిసీవరు చేతికో పోతుంది. ఆ తర్వాత కోర్టు అనుమతి లేకుండా అప్పులవాళ్లెవరూ విడిగా దావా వెయ్యడానికి లేదు. కాబట్టి ఇడ్లీలమ్మే మనిషికి మిగిలిన దారి ఒక్కటే: తన అప్పు రుజువు చేసుకుని జాబితాలో చేరడం. గుమాస్తా అన్న 'ప్రూఫ్' అదే. అదేమంత బ్రహ్మవిద్యా కాదు. 49వ సెక్షను ప్రకారం, ఈ బాకీ నిజమేనని ప్రమాణం చేస్తూ కోర్టుకు ఒక అఫిడవిట్టు ఇవ్వవచ్చు. రిజిస్టరు పోస్టులో పంపినా చెల్లుతుంది. ఆలస్యమైతే 63వ సెక్షను ఉంది. రిసీవరు చేతిలో అప్పటికి ఉన్న సొమ్ములోంచి తన వాటా అడగవచ్చు, అంతకుముందే పంచేసినదాన్ని మాత్రం కదిలించడానికి లేదు. ఈమె విషయంలో అడగడానికి సొమ్మే మిగల్లేదు.

ఇక ప్లీడరు సంగతి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. "ప్లీడర్ని పెట్టుకో" అన్న నోటితోనే "కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుందమ్మా, అక్కడ డబ్బక్కర్లేదు" అని ఉంటే ఆమె బతుకు ఇంకోలా ఉండేది. ఆ మాట చెప్పడానికి పట్టేది అర నిమిషం.

ఆ గుమాస్తాను దుర్మార్గుడు అని నేననను. అప్పులు మునిగినవాళ్ల కోపమంతా రోజూ అతని బల్ల దగ్గరకే వస్తుంది. అరుపులు, ఏడుపులు, బెదిరింపులు అన్నీ అతనే పడాలి. ఫైళ్లు ఎలా కట్టాలో పై గుమాస్తా నేర్పి ఉంటాడు. ఏడుస్తూ వచ్చిన మనిషితో ఎలా మాట్లాడాలో ఎవరు నేర్పారు? కంపెనీల దివాలాకు 2016లో కొత్త కోడ్ వచ్చింది. ఆ వ్యవహారాలు చూసే నిపుణులు పరీక్ష పాసవ్వాలి, ముందుగా శిక్షణ పొందాలి, పేరు నమోదు చేయించుకోవాలి. అదే కోడ్‌లో వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ అప్పులకు జామీనున్నవాళ్ల వరకే అమలులోకి తెచ్చారు. కోట్ల బాకీలకు శిక్షణ పొందిన నిపుణులు, ఎనభై వేల బాకీకి వందేళ్లనాటి చట్టం, ఎవరూ ఏమీ నేర్పని బల్ల. ఈ తేడాలో వర్గమూ ఉంది, స్త్రీ పురుష భేదమూ ఉంది.

శిక్షణ అంటే ఇంగ్లీషులో నవ్వడం నేర్పమని కాదు. నేను అడుగుతున్నవి చాలా చిన్నవి. వచ్చిన స్త్రీని 'మీరు' అని పిలవాలి, కూర్చోబెట్టాలి. "ఈ నోటీసు మీమీద కేసు కాదు, మీకు డబ్బు రావలసి ఉందని ఆయనే రాసిచ్చాడు" అని మొదట చెప్పాలి. ఏ కాగితం, ఎవరికి, ఏ తేదీలోగా అన్న మూడు సంగతులూ తెలుగులో చీటీ మీద రాసివ్వాలి. "అర్థమైందా?" అని అడిగి వదిలెయ్యకుండా, ఆమెకు ఏం అర్థమైందో ఆమెచేతే చెప్పించుకోవాలి. మొత్తం సొమ్ము వస్తుందని ఆశ పెట్టకూడదు, ఏమీ రాదని తరిమెయ్యకూడదు. దివాలా తీసినవాడి దగ్గర నౌకరీ, కూలీ చేసినవాళ్లకు, పిటిషనుకు ముందు నాలుగు నెలల జీతం బాకీ ఉంటే చట్టం పరిమితి మేరకు ముందు వరుసలో చోటిచ్చింది. ఆ సంగతి అడక్కుండానే చెప్పాలి. మగవాళ్లను తీసుకురమ్మని మాత్రం ఎప్పుడూ అనకూడదు.

ఆ గుమ్మం ఎక్కే స్త్రీలందరూ అప్పిచ్చినవాళ్లే కాదు. దివాలా తీసినవాడి భార్యా వస్తుంది. ఆస్తి దాచడానికి ఐ.పి.కి ముందు భార్య పేర రాసెయ్యడం మనమెరిగిన తంతే. ప్రతిఫలం లేకుండా రెండేళ్లలోపు అలా రాసినవి 53వ సెక్షను కింద చెల్లకుండా పోవచ్చు. సంతకం ఎందుకు పెట్టించుకున్నారో కూడా తెలియని ఆమెను దొంగలో భాగస్తురాలిలా ప్రశ్నిస్తారు. మరోవైపు ఆమె స్త్రీధనం ఆమెదే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను కట్టుబట్టలనూ వంటపాత్రలనూ, మతాచారం ప్రకారం స్త్రీ వదులుకోకూడని నగలనూ జప్తు నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు ఐ.పి.లోనూ వర్తిస్తుంది. జాబితా రాసే ఉద్యోగికి ఈ తేడా తెలియాలి, ఆమెకు చెప్పాలి.

అప్పులపాలైన స్త్రీ కూడా వస్తుంది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ దందా బయటపడినప్పుడు, బాకీ పేరుతో స్త్రీలను ఎలా లొంగదీసుకున్నారన్న ఆరోపణలు మనమంతా విన్నాం. జైల్లో వేయిస్తామన్నది వడ్డీవ్యాపారులు ఆడవాళ్లమీద విసిరే బెదిరింపు. డబ్బు డిక్రీ అమలు కోసం స్త్రీని అరెస్టు చెయ్యడానికి వీల్లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షను స్పష్టంగా చెబుతోంది. ఈ ఒక్క వాక్యం సమయానికి చెవిన పడితే ఎన్ని ప్రాణాలు నిలబడేవో.

అమెరికాలో దివాలా తీసినవాళ్లను ట్రస్టీ ప్రశ్నించే సమావేశానికి, ఇంగ్లీషు రానివాళ్ల కోసం ప్రభుత్వమే ఉచితంగా ఫోనులో దుబాసీని ఏర్పాటు చేస్తుంది. సమాచారం చెప్పడం వేరు, న్యాయ సలహా ఇవ్వడం వేరు అన్న గీతను అక్కడి ట్రస్టీ ఆఫీసుల్లో సిబ్బంది గుర్తుంచుకోవాలి. మన ఆఫీసుల్లో ఆ గీతను సాకుగా చేసుకుని సమాచారమే ఆపేస్తున్నారు. ఇక్కడ దుబాసీ కూడా అక్కర్లేదు. 1966 నుంచి తెలుగు మన అధికార భాష. గుమాస్తాదీ తెలుగే, ఆమెదీ తెలుగే. మధ్యలో ఉన్న కాగితం ఒక్కటే ఇంగ్లీషు.

కార్యకర్తలకు నా మనవి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలను కలిసి, రిసీవరు ఆఫీసుల సిబ్బందికి శిక్షణ తరగతులు పెట్టమని అడుగుదాం. ఆ తరగతుల్లో ప్లీడర్లతోపాటు నోటీసు అందుకున్న స్త్రీలను కూడా మాట్లాడించమందాం. ఒక్క పేజీలో తెలుగు కరపత్రం మనమే రాసిద్దాం. అంతకంటే ముందు, మన సంఘాల్లో ఫోనెత్తేవాళ్లం మనం నేర్చుకుందాం. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ కూలినప్పుడు లక్షలాది డిపాజిట్‌దార్లు నడిరోడ్డున పడ్డారు. అక్కడ వర్తించిన చట్టం వేరు. కానీ ఏ కాగితం ఎవరికివ్వాలన్న ప్రశ్న అదే. ఆ ప్రశ్నకు "అది మా పని కాదు" అని మనం ఇంకోసారి అనకూడదు.

మొన్న ఆమె బండి దగ్గర ఆగాను. కోపంగా ఏమీ లేదు. "అమ్మా, మా పక్కింటావిడకి కూడా అలాంటి నోటీసే వచ్చింది, మీ దగ్గరకి పంపనా?" అంది. పంపమన్నాను. ఈసారి గడువు ఇంకా ఉంది.